వేడిలో సాగిపోని మెగ్నీషియం: హీట్ ట్రీట్‌మెంట్ ఎలా చేయాలి

నెల్లూరు ఆటోనగర్‌లోగానీ ఒంగోలులోగానీ మెగ్నీషియం గేర్‌బాక్స్ కేసింగ్ చేతికొస్తే ముందు అడగాల్సింది ఒక్కటే: పనిలో అది ఎంత వేడెక్కుతుంది? మెగ్నీషియం 650 డిగ్రీల సెల్సియస్‌కి కరుగుతుంది. కెల్విన్‌లో లెక్కేస్తే 150 డిగ్రీల దగ్గరే దాదాపు సగం దూరం వచ్చేసినట్టు. ఆ వేడిలో మీద పడే లోడు పెరగకపోయినా లోహం నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. అదే క్రీప్. కేసింగ్ విరగదు. బోల్టు తల కింద లోహం అణిగి పట్టు వదులవుతుంది, నూనె కారడం మొదలవుతుంది.

ఏజెడ్ 91 మిశ్రమానికి (మెగ్నీషియంలో 9 శాతం అల్యూమినియం, 1 శాతం జింక్) టీ6, అంటే బాగా వేడిచేసి చల్లార్చి మళ్లీ తక్కువ వేడిలో ఉంచడం, చేస్తే చల్లగా ఉన్నప్పుడు బలం పెరుగుతుంది. ఆ బలాన్నిచ్చే మెగ్నీషియం-అల్యూమినియం కణాలు 120 డిగ్రీలు దాటాక మెత్తబడి ముతకవుతాయి, గ్రెయిన్ల (లోహంలోని స్ఫటిక రేణువుల) అంచులు జారతాయి. హార్డ్‌నెస్ అంకె చూసి క్రీప్‌కి భరోసా ఇవ్వొద్దు. అంత వేడిలో పనిచేసే భాగానికి మిశ్రమమే మార్చాలి. మా ఎంపిక డబ్ల్యూఈ 43: 4 శాతం ఇట్రియం, 3 శాతం నియోడిమియం తరహా లోహాలు, కొద్దిగా జిర్కోనియం.

శాండ్ కాస్టింగ్‌లనే (ఇసుక అచ్చులో పోసినవి) తీసుకోండి. మామూలు డై కాస్టింగ్‌ను (లోహపు అచ్చులోకి ఒత్తిడితో పోసినది) 400 డిగ్రీలు దాటిస్తే లోపల చిక్కుకున్న గాలి ఉబ్బి పొక్కులు లేస్తాయి. నూనె, రజను పూర్తిగా తీసేయాలి. కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు సముద్రగాలిలో ఉన్న ముక్కల ఉప్పు కడిగి, బాగా ఆరబెట్టాలి. ఫర్నేస్ అడుగున తుప్పు పెళ్లలు ఊడ్చేయండి. కరిగిన మెగ్నీషియం వాటిమీద పడితే భగ్గుమంటుంది.

డబ్ల్యూఈ 43ని 525 డిగ్రీల వద్ద 8 గంటలు ఉంచండి. 400 దాటాక లోపల 1 శాతం దాకా సల్ఫర్ డయాక్సైడ్ ఉండాలి, పొగ బయటికి పోయే దారి తప్పనిసరి. తీసిన వెంటనే 60-80 డిగ్రీల వేడి నీళ్లలో ముంచండి. చన్నీళ్లయితే ముక్క వంకరపోవచ్చు, పగలొచ్చు. తర్వాత 250 డిగ్రీల వద్ద 16 గంటలు ఏజింగ్ (తక్కువ వేడిలో ఉంచడం), గాలిలో చల్లార్చడం. అప్పుడు పుట్టే సన్నని పలకలు, లోహపు పొరలు జారే దారికి అడ్డంగా నిలబడతాయి. క్రీప్‌ను ఆపేది ఇవే. పనిలో 250 దాటి చాలాకాలం ఉంటే ఇవీ ముతకవుతాయి.

120 లోపు పనికి ఏజెడ్ 91 చాలు. దాన్ని 260 డిగ్రీల ఫర్నేస్‌లో పెట్టి, 2 గంటల్లో నిదానంగా 415కి తేవాలి. తొందరపడితే 437కే కరిగే భాగాలు ద్రవమై, లోపల బొక్కలు మిగులుతాయి. 16 నుంచి 24 గంటలు ఉంచి, ఫ్యాన్ గాలికి చల్లార్చి, 168 వద్ద 16 గంటలు ఏజింగ్. గ్రెయిన్లు పెరిగిపోతుంటే 415లో 6 గంటలు, 350లో 2, మళ్లీ 415లో 10 పెట్టండి. థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) ముక్కల దగ్గరే ఉండాలి. తేడా 5 డిగ్రీలు మించకూడదు.

415 దగ్గర కరెంటు పోయి ముక్క మూసిన ఫర్నేస్‌లోనే చల్లారితే కణాలు గ్రెయిన్ల అంచున పేరుకుంటాయి. ఆ దశ మొదటి నుంచి మళ్లీ చేయాల్సిందే.

మంట అంటుకుంటే నీళ్లు వద్దు, హైడ్రోజన్ పుట్టి పేలుతుంది. పెన్నా ఇసుక తడిగా ఉంటే అదీ నీళ్లు పోసినట్టే. పొడి గ్రాఫైట్ గానీ డి-క్లాస్ పౌడర్ (లోహపు మంటలు ఆర్పేది) గానీ ఫర్నేస్ పక్కనే ఉంచండి.

చివరగా అదే బ్యాచ్ ముక్కను 150 డిగ్రీల్లో, 50 మెగాపాస్కల్ లాగుడు కింద 100 గంటలు ఉంచి సాగుదలను కొలవండి.