ఆయిల్ తాగే ఇంజిన్ దారికొచ్చింది

సర్వీసుకీ సర్వీసుకీ మధ్య నా కారు ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. కింద ఎక్కడా లీకు లేదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మాత్రం వెనక నీలం పొగ. మెకానిక్ కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి, చూశాడు, బాగానే ఉంది. అయినా ఇంజిన్ విప్పాల్సిందే అన్నాడు. నా అనుమానం ఆయిల్ రింగు మీదికి పోయింది.

పిస్టన్‌కుండే పై రెండు రింగులు కంప్రెషన్ జారిపోకుండా ఆపుతాయి. మూడోదే ఆయిల్ రింగు, అది సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను గీకి, వెనకున్న సన్నటి రంధ్రాల గుండా కిందికి పంపుతుంది. ఆ రంధ్రాల్లో మసి గట్టిపడితే ఆయిల్ పైనే ఉండిపోయి కాలుతుంది. కాలినకొద్దీ ఇంకా మసి! కంప్రెషన్ బాగున్నా ఆయిల్ తగ్గేది ఇందుకే.

ముందు ఇంజిన్ అడుగున చేరే ఆవిర్లను తిరిగి లోపలికి పంపే పీసీవీ వాల్వ్ మార్చాను, చవకలో తేలిపోయే పని. తర్వాత ఆయిల్. డబ్బా మీద ‘సింథటిక్’ అని ఉంటే చాలదు, డేటా షీట్‌లో నోయాక్ అంకె చూడాలి. ఆయిల్‌ను 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు ఉంచితే ఎంత శాతం ఆవిరైపోతుందో అది చెబుతుంది. 5డబ్ల్యూ-30 లాంటి చిక్కదనం గ్రేడ్లకు ఏపీఐ ఎస్‌పీ అనే ఆయిల్ నాణ్యతా ప్రమాణం 15 శాతం వరకు ఒప్పుకుంటుంది. నేను అంతకంటే బాగా తక్కువున్నది, మసిని కరిగించే గుణమున్న ఈస్టర్ కలిసినది తీసుకున్నాను. గ్రేడ్ మాత్రం మాన్యువల్‌లో చెప్పిందే. ఆయిల్ మార్చే గడువు సగానికి తగ్గించాను.

మొదటిసారి దించిన ఆయిల్ తారులా నల్లగా ఉంది, ఫిల్టర్ మడతల్లో మసి రవ్వలు. ఆ తర్వాత మెల్లగా డిప్‌స్టిక్ మీద మట్టం నిలబడసాగింది. తొక్కినప్పుడు వచ్చే పొగ పోయింది. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క చిన్న పొగ ఇంకా వస్తోంది. అది వాల్వుల పక్కనుంచి ఆయిల్ కారకుండా ఆపే సీళ్ల పని, ఆయిల్ మార్చినంత మాత్రాన పోయేలా లేదు. వాటిని మార్పించాలి.