మీ తెలుగు ఫైళ్లు మీవే – 4వ పాఠం: వత్తు కంటే ముందు దూకిన గుణింతం

డీటీపీ షాపుల్లో వాడే పాత అను ఫాంట్ల ఫైళ్లను యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదివే అక్షరాల ప్రమాణంలోకి) కన్వర్టర్ అనే ప్రోగ్రాంతో మార్చే పద్ధతి గత పాఠంలో చెప్పుకున్నాం. ఈసారి స్క్రైబస్‌లో పేజీ అమర్చడం మొదలుపెట్టాలి. కానీ మీరు మార్చిన ఫైళ్లు చూశాక దాన్ని వాయిదా వేయక తప్పలేదు. కొందరికి అక్షరాల స్థానంలో నల్ల వజ్రాల్లో ప్రశ్నార్థకాలు వచ్చాయి. కొందరికి సగం తెలుగు, సగం అర్థంకాని గీతలు వచ్చాయి. ఎక్కువమందికి విశాఖలోని మద్దిలపాలెం పేరు కాస్తా ‘మది్దలపాలెం’ అయింది. ఈ పాఠంలో ఎక్కువ భాగం ఆ మూడోదాని గురించే. మిగతా రెండూ త్వరగా ముగిద్దాం.

నల్ల వజ్రాలు వచ్చాయంటే ఫైలును తప్పు అక్షర సంకేతాల పద్ధతిలో, అంటే తప్పు ఎన్‌కోడింగ్‌లో తెరిచారని అర్థం. పేజ్‌మేకర్ నుంచి టెక్స్ట్‌గా ఎగుమతి చేసిన ఫైలు విండోస్-1252లో ఉంటుంది. లినక్స్‌లో ఎడిటర్లు దాన్ని యూటీఎఫ్-8 అనుకుని తెరుస్తాయి. అలా తెరిచి సేవ్ చేస్తే పోయిన అక్షరాలు మళ్లీ రావు. పేజ్‌మేకర్ ఫైలు దగ్గరికి వెళ్లి మళ్లీ ఎగుమతి చేసుకోవాలి. లిబ్రెఆఫీస్‌లో తెరిచేటప్పుడు ఫైలు రకంగా ‘టెక్స్ట్ – చూజ్ ఎన్‌కోడింగ్’ ఎంచుకోండి. తర్వాత వచ్చే పెట్టెలో ‘వెస్టర్న్ యూరప్, విండోస్-1252’ పెట్టండి. తెరమీద పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే. కన్వర్టర్‌కు ఇవ్వాల్సింది వాటినే.

సగం తెలుగు, సగం గీతలు వస్తే అను 6 ఫైలుకు అను 7 పట్టిక వాడారన్నమాట, లేదా దానికి తిరగేసి చేశారు. ఫాంటులో ఏ గడిలో ఏ అక్షరం ముక్క ఉందో చెప్పేదే పట్టిక. రెండిట్లో ఆ గడులు ఒకటి కావు. షాపువాళ్లకు కూడా చాలాసార్లు ఏ వెర్షనో తెలియదు. వత్తులు ఎక్కువున్న ఒక పేరాను రెండు పట్టికలతోనూ మార్చి, చదవగలిగిన దాన్ని ఎంచుకోండి. వర్డ్‌లో టైపు చేసిన ఫైళ్లలో ఇంకో ఇబ్బంది ఉంటుంది. వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దక్షరం చేసే ఆటోకరెక్ట్ ఆన్‌లో ఉంటే ఆ చోట వేరే ముక్క వచ్చి కూర్చుంటుంది. దాన్ని ఏ కన్వర్టరూ కనిపెట్టలేదు, చేత్తో దిద్దుకోవాల్సిందే.

అసలు విషయానికి ముందు ఒక హెచ్చరిక. చాలామంది వీలునామాలు, అమ్మకం దస్తావేజులు, అపార్ట్‌మెంట్ సభ్యుల ఫోన్ నంబర్ల జాబితాలు తీసుకెళ్లి వెతగ్గానే కనిపించిన ఏదో ఒక వెబ్‌సైట్‌లో అతికించారు. ఆ పని చేయకండి. ఆ పెట్టెలో వేసిన ప్రతి అక్షరం ఎవరి సర్వర్‌కు వెళ్తుందో, ఎన్నాళ్లు ఉంటుందో మీకు తెలియదు. అందులో మీ వివరాలే కాదు, పక్కవాళ్ల సర్వే నంబర్లూ సంతకందారుల చిరునామాలూ ఉంటాయి. వాటిని బయటపెట్టే హక్కు టైపు చేసినవారికి లేదు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. అయినా బయటికి పోయిన దస్తావేజును ఏ చట్టమూ వెనక్కి తేలేదు.

కన్వర్టర్ పని మీ కంప్యూటర్‌లోనే జరుగుతోందో లేదో తెలుసుకోవడం తేలిక. బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి కన్వర్టర్ పేజీ లోడ్ చేయండి. వైఫై ఆపండి. ఆ తర్వాతే టెక్స్ట్ అతికించి బటన్ నొక్కండి. మారితే పని మీ దగ్గరే జరిగినట్టు. ఫలితం కాపీ చేసుకుని, విండో మూసి, అప్పుడు వైఫై పెట్టుకోండి. మారకపోతే ఆ సైట్ జోలికి వెళ్లకండి. నా మట్టుకు కోడ్ బహిరంగంగా ఉన్న కన్వర్టర్‌ను డౌన్‌లోడ్ చేసి డిస్కులో ఉంచుకోవడమే సరైన పద్ధతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. జనరేటర్ దొరికినవాళ్లకు కూడా నెట్ దొరకలేదు. నెట్ ఉంటేనే పనిచేసే పనిముట్టు మన చేతిలో ఉన్నట్టు కాదు.

ఇక మద్దిలపాలెం సంగతి.

పాత ఫాంట్లలో ఫైలులో ఉండేది అక్షరం కాదు, అక్షరం బొమ్మ ముక్కలు. ‘ద్ది’ రాయాలంటే ముందు ‘ది’ బొమ్మ, దాని కింద ద వత్తు బొమ్మ. కంటికి కనిపించే వరుస అది. యూనికోడ్‌లో ఉండేది పలికే వరుస: ద, పొల్లు, మళ్లీ ద, చివర గుడి. అంటే గుణింతం గుర్తు వత్తులన్నీ అయ్యాకే రావాలి. మంచి కన్వర్టర్ బొమ్మలను అక్షరాలుగా మార్చాక ఈ వరుస కూడా సరిచేస్తుంది. నాసిరకంది ముక్కకు ముక్క మార్చి వదిలేస్తుంది. అప్పుడు పెందుర్తి ‘పెందురి్త’ అవుతుంది, జ్ఞానాపురం ‘జా్ఞనాపురం’ అవుతుంది, రామకృష్ణా బీచ్ ‘రామకృషా్ణ బీచ్’ అవుతుంది. రాష్ట్రానికి అన్న మాట ‘రాషా్ట్రనికి’ అవుతుంది. పాత తెలుగు వెబ్ పేజీల్లో ఇలాంటివి మీ కంట పడే ఉంటాయి. అక్కయ్యపాలెం, సీతమ్మధార మాత్రం చెక్కుచెదరవు. వాటి వత్తులున్న చోట తలకట్టు తప్ప వేరే గుణింతం లేదు. అందుకే సీతమ్మధార సరిగ్గా వచ్చింది కదా, ఫైలంతా బాగానే ఉందని చాలామంది పొరబడ్డారు.

ఇక్కడ మీరు చేసిన పనులు చూస్తే బాధేసింది. కొందరు పేజీ పేజీ వెతుకుతూ కనిపించినవి చేత్తో దిద్దారు. కొందరు ‘ది్ద’ను ‘ద్ది’గా, ‘రి్త’ను ‘ర్తి’గా మార్చాలంటూ వందలకొద్దీ జతల పట్టిక రాసుకున్నారు. ఇంకొందరు ప్రింటులో దాదాపు చదవగలుగుతున్నాం కదా అని అలాగే పీడీఎఫ్ చేసేశారు. ఈ మూడోది క్షమించలేనిది. ఆ పీడీఎఫ్‌లో పెందుర్తి అని వెతికితే దొరకదు. మాటలను అకారాది క్రమంలో పెడితే వరుస తప్పుతుంది. ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్‌తో వినే చూపులేని పాఠకుడికి ఆ మాట తప్పుగా వినిపిస్తుంది. సమాచార సాంకేతికత అందరికీ అందుబాటులో ఉండాలని వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే చెప్పింది. నోటీసు బోర్డు పెట్టే సంఘానికైనా ఈ స్పృహ ఉండాలి.

దిద్దుబాటు ఒకే సూత్రంతో అయిపోతుంది. తెలుగులో గుణింతం గుర్తు వెనకాల పొల్లు ఎప్పుడూ రాదు. వచ్చిందంటే తప్పే, మినహాయింపు లేదు. కాబట్టి కళ్లు మూసుకుని ‘రీప్లేస్ ఆల్’ కొట్టవచ్చు.

ఫైలుకు కాపీ తీసి, కాపీ మీదే పని చేయండి. లిబ్రెఆఫీస్ రైటర్‌లో కంట్రోల్‌తో హెచ్ నొక్కితే ఫైండ్ అండ్ రీప్లేస్ పెట్టె వస్తుంది. ‘అదర్ ఆప్షన్స్’ తెరిచి ‘రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్’ టిక్ చేయండి. ఈ టిక్ మరిచిపోతే కింది గుర్తులను అది మామూలు అక్షరాలుగా వెతికి ‘దొరకలేదు’ అంటుంది. తర్వాత ఈ వరుసలోనే నాలుగు సార్లు మార్చండి.

మొదటిసారి, ఐత్వం. కింది రెండూ కంటికి ఒకేలా ఉంటాయి. కానీ వెతికేది ఎత్వం, దాని కింది ముక్క అనే రెండు గుర్తులు; పెట్టేది ఐత్వం అనే ఒకే గుర్తు. వెతకాల్సింది:
ై
పెట్టాల్సింది:
ై

రెండోసారి, సున్న, విసర్గ. వెతకాల్సింది:
([ంః])((్[క-హ])+)
పెట్టాల్సింది:
$2$1

మూడోసారి, గుణింతాలు. వెతకాల్సింది:
([ా-ౌ])((్[క-హ])+)
పెట్టాల్సింది:
$2$1

నాలుగోసారి, మొదటిసారి చేసిందే మళ్లీ.

పెట్టెలో ఈ గుర్తులు చుక్కల వలయాలతో వంకరగా కనిపిస్తాయి. చెరపకండి, అలాగే ఉండాలి. టైపు చేసే ప్రయత్నం వద్దు, ఇక్కడి నుంచి కాపీ చేసి అతికించండి. మొదటి బ్రాకెట్ గుణింతాన్ని పట్టుకుంటుంది. రెండో బ్రాకెట్ దాని వెనకున్న వత్తులన్నిటినీ, ఒకటైనా మూడైనా, కలిపి పట్టుకుంటుంది. కింది గడిలోని $2$1 ఆ రెండిటి చోట్లు మారుస్తుంది.

వరుస ఎందుకు ముఖ్యమో ఒక్క మాటతో తెలుస్తుంది. స్టీలుప్లాంటు పాడైన ఫైలులో ‘సీ్టలుపాం్లటు’ అని ఉందనుకోండి. ముందు గుణింతాల దిద్దుబాటు చేస్తే ‘స్టీ’ బాగవుతుంది. ‘పాం్ల’ మాత్రం అలాగే ఉండిపోతుంది, ఎందుకంటే దీర్ఘానికీ వత్తుకూ మధ్య సున్న అడ్డుంది. ముందు సున్నను వెనక్కి పంపితే ‘పా్లం’ అవుతుంది. తర్వాత దీర్ఘం వెనక్కి వెళ్లి ‘ప్లాం’ అవుతుంది. ఐత్వాన్ని రెండుసార్లు చేయమన్నదీ ఇందుకే. స్థైర్యం లాంటి మాటల్లో ఎత్వానికీ దాని కింది ముక్కకూ మధ్య వత్తు దూరి ఉండొచ్చు. మూడో దిద్దుబాటు అయ్యాకే ఆ రెండూ పక్కపక్కకు వస్తాయి.

చివరగా [ా-ౌ]్ అని వెతికి ‘ఫైండ్ ఆల్’ నొక్కండి. ఏమీ దొరక్కూడదు. ఏవైనా మిగిలితే అక్కడ పొల్లు వెనక హల్లే లేదని అర్థం. మూల ఫైలులోనే అక్షరం పోయి ఉంటుంది. పాత ప్రింటు చూసి చేత్తో దిద్దండి. దిద్దేటప్పుడు బ్యాక్‌స్పేస్ వాడండి. అది చివరి గుర్తును మాత్రమే చెరుపుతుంది. డిలీట్ నొక్కితే వత్తులతో సహా అక్షరమంతా పోతుంది.

సూత్రంతో దిద్దలేనిది ఒకటుంది. పొల్లుతో ఆగాల్సిన చోట వత్తు పడటం. డాబాగార్డెన్స్‌లో అన్నది ‘డాబాగార్డెన్స్లో’ అవుతుంది. పొల్లు తర్వాత కనపడని అడ్డు ఒకటి ఉండాలి, కన్వర్టర్ దాన్ని పెట్టలేదు. ‘స్లో’ను అంతటా విడగొడదామంటే స్లోగన్ కూడా విడిపోతుంది. కాబట్టి మీ ఫైలులో తరచూ వచ్చే మాటల జాబితా రాసుకుని ఒక్కో మాటా మార్చండి. ఆ అడ్డు పెట్టడానికి పొల్లు తర్వాత 200సి అని ఇంగ్లిష్‌లో కొట్టి ఆల్ట్‌తో ఎక్స్ నొక్కాలి. లిబ్రెఆఫీస్ ఆ నాలుగు గుర్తులనూ అడ్డుగా మార్చేస్తుంది.

అన్నీ అయ్యాక ఓడీటీగా, అంటే లిబ్రెఆఫీస్ మామూలుగా వాడే ఫార్మాట్‌లో, సేవ్ చేయండి. ఆ ఫార్మాట్ 2006 నుంచి ఐఎస్ఓ ప్రమాణం. దాని వివరం ఎవరైనా చదివి ప్రోగ్రాం రాసుకోవచ్చు. ఫాంట్లు కూడా ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉన్నవే పెట్టండి. పాఠానికి నేను మండలి వాడతాను. శీర్షికకు రామభద్ర బావుంటుంది. మన ఉత్తరాంధ్ర పెద్దల పేర్లతో గురజాడ, గిడుగు ఫాంట్లూ ఉన్నాయి. అవి శీర్షికలకు, పోస్టర్లకు నప్పుతాయి. యాపిల్ కీబోర్డు అలవాటైన డీటీపీవాళ్లు వేళ్లు మార్చుకోనక్కర్లేదు. లినక్స్‌లో ఐబస్‌కు (టైపింగ్ చూసుకునే ప్రోగ్రాం) ఎం17ఎన్ అనే కీబోర్డు అమరికల కట్టను చేర్చుకుంటే తెలుగు కింద యాపిల్ అమరిక ఉంటుంది.

పాత ఫాంట్లు చేసినవాళ్లను తప్పుపట్టను. 1990లలో తెలుగు అచ్చుకు వేరే దారి లేదు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉన్నా, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చింది 2001లో. అదే ఏడాది వచ్చిన పేజ్‌మేకర్ 7 ఆ వరుసలో ఆఖరిది, దానికి యూనికోడ్ తెలుగు రాదు. నా అభ్యంతరం ఆ తర్వాత జరిగినదాని మీద. ఏ గడిలో ఏ ముక్క ఉందో చెప్పే పట్టిక ఫాంటు అమ్మేవారి వ్యాపార రహస్యంగా ఉండటం తప్పు. అక్షరాలు టైపు చేసింది మీరు, వాక్యం మీది. దాన్ని చదివే తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండకూడదు. కేంద్ర ప్రభుత్వం ఈ-పాలనకు 2010లో బహిరంగ ప్రమాణాల విధానాన్ని, 2015లో ఓపెన్‌సోర్స్ విధానాన్ని ప్రకటించింది. డీటీపీ షాపులో మీరు డబ్బిచ్చి చేయించుకున్న పనికీ అదే అడగండి: ప్రింటుతో పాటు యూనికోడ్ ఫైలు కూడా పెన్‌డ్రైవ్‌లో ఇమ్మనండి. బేరం మొదట్లోనే చెప్పండి, పని అయ్యాక అడిగితే ఎవరూ ఇవ్వరు.

అభ్యాసం. మీ కాలనీ సంఘం నియమావళి గానీ, గుడి ఉత్సవ కరపత్రాల పాత ఫైళ్లు గానీ తీసుకోండి. కనీసం 20 పేజీలు ఉండాలి, చిన్నదైతే కష్టమైన అక్షరాలు తగలవు. మార్చండి, నాలుగు దిద్దుబాట్లూ చేయండి, ఆఖరి వెతుకులాటలో సున్నా వచ్చేదాకా ఆగకండి. తర్వాత పాత ప్రింటును పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చండి. ఒకరు చదవాలి, ఇంకొకరు చూడాలి. ఒక్కరే చేస్తే కన్ను తప్పును దాటేస్తుంది. ముఖ్యంగా ఖ, ఘ, ఛ, ఝ, ఱ, ఙ, ఞ ఎలా మారాయో చూడండి. పట్టికల్లో ఎక్కువగా తప్పులుండేది అరుదైన అక్షరాల దగ్గరే.

దొరికిన ప్రతి తప్పునూ ఆ కన్వర్టర్ కోడ్ ఉన్న చోట ఫిర్యాదుగా నమోదు చేయండి. మూడు పంక్తులు చాలు: ఇచ్చిన పాత టెక్స్ట్, వచ్చినది, రావాల్సినది. ఫాంటు పేరు, వెర్షను తప్పకుండా రాయండి. పేరా మొత్తం అతికించకండి, తప్పు పడిన ఒక్క మాట చాలు. అందులో మనిషి పేరుంటే అదే అక్షరం ఉన్న ఇంకో మాట వెతికి పెట్టండి. కోడ్ చదవగలిగితే పట్టికలో ఆ పంక్తిని మీరే దిద్ది పంపండి.

వచ్చే పాఠానికి స్క్రైబస్ 1.6 వేసుకుని ఉండండి. పాత 1.4 ఉంటే తీసేయండి, అందులో తెలుగు వత్తులు సరిగా కూర్చోవు.