వెలాసిటీ ప్రొఫైల్ చేత్తో గీయడం ఎలా

బౌండరీ లేయర్, అంటే గోడ రాపిడికి ప్రవాహం నెమ్మదించే పల్చటి పొర, అనగానే చాలామంది ప్లేటు మీద ఒక వంకర గీత గీసి వదిలేస్తారు. ఆ గీత లోపల గోడ నుంచి పైకి పోయేకొద్దీ వేగం ఎలా మారుతోందో (అదే వెలాసిటీ ప్రొఫైల్) ఒక్కసారైనా అంకెలతో వేసి చూడకపోతే విషయం వంటబట్టదు, కాబట్టి కాలిక్యులేటర్ తీయండి.

సెకనుకు అర మీటరు వేగంతో వచ్చే నీళ్లు, ప్రవాహానికి సమాంతరంగా పెట్టిన చదునైన ప్లేటు, దాని ముందంచు నుంచి అర మీటరు దూరం తీసుకుందాం. ముందు రేనాల్డ్స్ నంబర్, అంటే ప్రవాహ జడత్వానికీ విస్కాసిటీకీ (ద్రవం జిగటకి) ఉన్న నిష్పత్తి. వేగాన్ని దూరంతో గుణించి కైనమాటిక్ విస్కాసిటీతో (జిగటను సాంద్రతతో భాగిస్తే వచ్చేది) భాగించాలి. 20 డిగ్రీల నీటికి ఎస్ఐ యూనిట్లలో అది పది లక్షల్లో ఒక వంతు, కాబట్టి రేనాల్డ్స్ నంబర్ 2,50,000 వస్తుంది. మామూలుగా 5,00,000 దాకా లామినార్ (పొరలు పొరలుగా సాఫీగా సాగే ప్రవాహం) అనే తీసుకుంటాం, సో మనం సేఫ్.

ఇక మందం. దూరాన్ని 5తో గుణించి రేనాల్డ్స్ నంబర్ వర్గమూలంతో, అంటే 500తో భాగిస్తే 5 మిల్లీమీటర్లు, అంతే! గోడ పక్కనున్న ఇంత పల్చటి పొరలో తప్ప మిగతా చోట విస్కాసిటీని పట్టించుకోనక్కర్లేదని జర్మన్ శాస్త్రవేత్త ప్రాంట్ల్ 1904లో చూపించాడు. పొర అంచు అంటే నిజంగా అక్కడ ఏదో గీత ఉంటుందనుకోకండి, వేగం బయటి వేగంలో 99 శాతానికి చేరే చోటు అది, నీళ్లు దాన్ని దాటి లోపలికి వస్తూనే ఉంటాయి.

ప్రొఫైల్‌కి క్యూబిక్ (ఘనం దాకా వెళ్లే సూత్రం) చాలు. గోడ నుంచి ఎత్తును మందంతో భాగించండి, ఆ నిష్పత్తికి ఒకటిన్నర రెట్లలోంచి దాని ఘనంలో సగం తీసేస్తే వేగ నిష్పత్తి, అంటే బయటి వేగంలో అక్కడి వేగం ఎన్నో వంతో, వస్తుంది. పావు ఎత్తులో 0.37, సగం ఎత్తులో 0.69, ముప్పావులో 0.91. గోడ దగ్గర సున్నా నుంచే మొదలెట్టాలి, పైన బయటి వేగంలో నున్నగా కలవాలి, అక్కడ మూల తేలితే ఎక్కడో తప్పు చేశారు.

గోడ మీద షియర్ స్ట్రెస్ (ప్రవాహం గోడను తన దిశలో లాగే బలం, యూనిట్ వైశాల్యానికి) లెక్కేసేటప్పుడు నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. గోడ దగ్గర క్యూబిక్ వాలులో ఈ 5 మిల్లీమీటర్లే వేసి నీటి జిగటతో (డైనమిక్ విస్కాసిటీతో) గుణిస్తే 0.15 పాస్కల్ వస్తుంది, ప్రాంట్ల్ శిష్యుడు బ్లాసియస్ కచ్చితమైన లెక్క 0.166. ఆ 5 అనేది బ్లాసియస్‌ది, క్యూబిక్‌కి దాని సొంత గుణకం 4.64 ఉంది, అది వేస్తే మందం 4.64 మిల్లీమీటర్లు, స్ట్రెస్ 0.162. రెండు పద్ధతుల్నీ కలపకండి.

టర్బులెంట్ (సుడులతో కలగాపులగంగా సాగే ప్రవాహం) అయితే ఏడో వంతు ఘాతం సూత్రం (ఎత్తు నిష్పత్తికి 1/7 ఘాతం వేస్తే వేగ నిష్పత్తి) వాడతారు, ఆకారానికి బాగానే ఉంటుంది కానీ గోడ దగ్గర దాని వాలు అనంతం, షియర్ దాంతో తీయలేరు. ప్రవాహ దిశలో పీడనం పెరిగే చోట పై క్యూబిక్ కూడా చెల్లదు, ఎందుకంటే అక్కడ గోడ దగ్గరి వాలు తగ్గుతూ సున్నాకి చేరితే ప్రవాహం గోడను వదిలేస్తుంది.