బటన్ ఫోన్‌లో, చిన్న తెర మీద తడబడకుండా యూపీఐ చెల్లింపు ఎలా చేయాలి?

కొట్టు దగ్గర నొక్కాల్సినవి రెండే ఉండాలి: ఎంత డబ్బు, పిన్. మిగతావన్నీ ఇంట్లోనే సర్దిపెట్టుకోవచ్చు. బెంగళూరులో మారతహళ్లిలోనో మడివాళలోనో పిల్లల దగ్గరికొచ్చి ఉండే పెద్దవాళ్లకు ఇది మరీ అవసరం.

బటన్ ఫోన్ అయితే కాల్ చేసి డబ్బు పంపే యూపీఐ 123పే ఉంది. రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో మొదలుపెట్టింది. ఇంటర్నెట్ అక్కర్లేదు, ఒక్కసారికి 10,000 రూపాయల దాకా పంపవచ్చు.

1. ఊళ్లో బ్యాంకుకు ఇచ్చిన నంబరు సిమ్మే ఫోన్‌లో ఉండాలి. బెంగళూరులో కొత్తగా తీసుకున్న నంబరుతో చేస్తే ఖాతా దొరకదు.

2. డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తీరే నెల, సంవత్సరం కాగితం మీద పెద్దగా రాసుకోండి. కార్డు మీది సన్నటి అంకెలు వెతుక్కునేలోపు కాల్ తెగిపోతే మళ్లీ మొదటికొస్తుంది. పనయ్యాక కాగితం చింపేయండి.

3. 080 4516 3666కు కాల్ చేసి భాష, బ్యాంకు ఎంచుకోండి. కార్డు వివరాలు, ఓటీపీ ఇచ్చి పిన్ పెట్టుకోండి. ఓటీపీ కాల్ నడుస్తుండగానే వస్తుంది. కాల్ కట్ చేయకుండా మెసేజ్ తెరవడం ముందే ఒకసారి సాధన చేయండి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

4. ముందుగా ఇంట్లోవాళ్లకే ఒక్క రూపాయి పంపి చూడండి.

కాల్‌లో బ్యాంకు పేరు లాంటివి నోటితో చెప్పమంటే బీప్ వినిపించాకే చెప్పాలి. "మాది కెనరా బ్యాంకండీ" అనకుండా "కెనరా బ్యాంక్" అంటే చాలు. స్పీకర్ ఆపేయండి, లేదంటే అవతలి గొంతే మన మాటలో కలిసిపోతుంది. కేఆర్ మార్కెట్ లాంటి రద్దీలో నోటిని నమ్ముకోవద్దు, అంకెలు నొక్కండి. "పదిహేను వందలు" అన్న మాట తప్పుగా అర్థమయ్యే వీలుంది కాబట్టి డబ్బెంతో ఎప్పుడూ నొక్కడమే మేలు. పిన్ మాత్రం ఎవరడిగినా నోటితో చెప్పకూడదు. డబ్బు రావడానికి పిన్‌తో పనే లేదు.

స్మార్ట్‌ఫోన్‌లో కూరగాయలు, పాలు, ఆటో లాంటి చిన్న ఖర్చులకు యూపీఐ లైట్, అంటే యాప్‌లోనే ముందుగా కొంత డబ్బు వేసుకునే పర్సు, పెట్టుకోండి. అందులో 5,000 దాకా ఉంచుకోవచ్చు, ఒక్కో చెల్లింపు 1,000 దాటనంతవరకు పిన్ అడగదు. ఫోన్ పోతే ఆ డబ్బుకు పిన్ కాపలా ఉండదు కాబట్టి స్క్రీన్ లాక్ తప్పనిసరి. అక్షరాలు పెంచేటప్పుడు ఒక్క మెట్టే పెంచి యాప్ తెరిచి చూడండి. మరీ పెంచితే చెల్లించే బటన్ తెర కిందికి జారిపోవచ్చు. టాక్‌బ్యాక్ (తెర మీదున్నది చదివి వినిపించే సదుపాయం) వాడేవాళ్లు ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే నొక్కిన అంకెలు పక్కవాళ్లకు వినపడవు.

ఖాతాలో డబ్బు తగ్గి అవతలికి చేరకపోతే వెంటనే రెండోసారి పంపకండి. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం, మనిషికి పంపిన సొమ్ము చేరకపోతే మర్నాటికి, దుకాణానికి చెల్లించినదైతే ఐదు రోజుల్లో, దానంతటదే తిరిగి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం అడిగే హక్కుంది. మోసం జరిగిందనిపిస్తే ఆ క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.