లెదర్ సీటు మీద మరక: తుడిస్తే పోయేదేది, రంగు వేయాల్సిందేది

కారు లెదర్ సీటు మీద మరక మూడు చోట్ల ఉండొచ్చు. తోలుకు వేసిన రంగు పూత పైన, ఆ పూత లోపల, లేదంటే పూతే అరిగిపోయి తోలు బయటపడిన చోట. మొదటిది తుడిస్తే పోతుంది. రెండోది కొంత పోయి కొంత మిగులుతుంది. మూడోదాన్ని ఎన్నిసార్లు కడిగినా ఒకటే, అది మరక కాదు, అక్కడ రంగే లేదు. ఈ తేడా చూసుకోకుండా సర్ఫు నీళ్లు, గిన్నెలు తోమే పీచు పట్టుకుని కూర్చుంటే మొదటి రకం మరక కాస్తా మూడో రకంలోకి దిగుతుంది.

సీటు ఏదో తేల్చుకోండి

లెదర్ సీట్లన్న పేరుతో అమ్మిన కార్లలో కూడా కూర్చునే చోటా, వీపు ఆనే చోటా మాత్రమే తోలు ఉండి, పక్కలకూ వెనక్కూ రెక్సిన్ వేయడం మామూలే. చాలా కార్లలో మొత్తం రెక్సినే. సీటు కింద చెయ్యి పెట్టి అంచు తిప్పి చూడండి. వెనకవైపు నూగులా పీచు కనిపిస్తే తోలు, అల్లిన గుడ్డ కనిపిస్తే రెక్సిన్.

తోలే అయితే ఎవరికీ కనబడని మూల ఒక నీటి బొట్టు వేయండి. బొట్టు నిలబడితే పైన పూత ఉన్నట్టు. కార్లలో దాదాపు అన్నీ ఈ రకమే. పీల్చుకుని నల్లబడితే పూత లేని తోలు, లేదా పూత అరిగిన తోలు. పూత లేని తోలు మీద ఇంట్లో ప్రయోగాలు వద్దు, అరిగినదైతే చివర చెప్పే రంగు పని చూడండి.

ఇప్పుడు మరక మీద తడిపి పిండిన తెల్లగుడ్డ నాలుగుసార్లు రాయండి. గుడ్డకు నల్లగా అంటితే మురికి. లేత గోధుమ రంగు సీటుకు గుడ్డమీద అదే గోధుమ రంగు అంటుకుంటే సీటు రంగే ఊడుతోంది, అక్కడితో ఆపేయాలి.

కడగడం

కారు సీట్లకు మామూలుగా వాడే, క్రోమ్ లవణాలతో ఊనిన (అంటే చెడకుండా పదును చేసిన) తోలు స్వభావం ఆమ్లం వైపు ఉంటుంది, పీహెచ్ 4 దరిదాపుల్లో. బట్టల సబ్బు, డిటర్జెంటు, వంటసోడా దానికి పూర్తి వ్యతిరేకం. పూతను మెత్తబరిచి, తోలును గట్టిపరుస్తాయి. లెదర్ క్లీనర్ దొరికితే అదే వాడండి. లేకపోతే పిల్లల షాంపూ అర లీటరు నీళ్లకు అర టీస్పూను చాలు. నురగ ఎక్కువైతే శుభ్రం ఎక్కువవుతుందనుకోవడం భ్రమ, మిగిలిన నురగే ఎండాక జిగురై దుమ్మును పట్టుకుంటుంది.

నీళ్ల విషయంలో మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతంలో కాస్త జాగ్రత్త. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే గానీ, సీటు మీద తెల్లని చారలు వేసేది ఆ నీళ్లలోని మిగతా లవణాలు. తీరం వెంట ఉప్పు నీళ్ల బోర్లదీ అదే కథ. ఆర్వో నీళ్లు, లేదా బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక లీటరు ఉంటే రెండు సీట్ల పని అయిపోతుంది.

మొదట వాక్యూమ్. కుట్టు గాడుల్లో సన్నని బ్రష్ ఆడిస్తూ పీల్చాలి. చీమకుర్తి చుట్టుపక్కల తిరిగే బండ్లకు ఈ మెట్టు తప్పనిసరి. గ్రానైట్ పొడి సీటుమీద ఉండగా తడిగుడ్డ వేసి రుద్దితే ఎమరీ పేపర్‌తో రుద్దినట్టే, మెరుపు అక్కడికక్కడే పోతుంది.

తర్వాత క్లీనర్‌ను సీటు మీద కాదు, మెత్తని బ్రష్ మీద వేసుకోండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు భాగం మాత్రమే తీసుకుని గుండ్రంగా, బరువు వేయకుండా తిప్పాలి. నురగ బూడిద రంగులోకి రాగానే మైక్రోఫైబర్ గుడ్డతో ఎత్తేయండి. ఆరనిస్తే మురికి మళ్లీ తోలు గరుకులోకి, అంటే పైనుండే సన్నని గీతల్లోకి దిగిపోతుంది. ఒకసారి గట్టిగా రుద్దడం కంటే మూడుసార్లు మెల్లగా చేయడమే మేలు. చివర మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో రెండుసార్లు తుడిచి, నీడలో తలుపులు తీసి ఆరబెట్టండి. తడి సీటును ఎండలో పెడితే తోలు ముడుచుకుంటుంది.

వెంటిలేటెడ్ సీట్లయితే చిల్లుల్లోకి నీళ్లు పోకూడదు, కింద ఫ్యాను ఉంటుంది. అక్కడ తడి బ్రష్ కూడా వద్దు, తడిపి పిండిన గుడ్డ చాలు. సీటు బెల్టు గుర్తుచేసే సెన్సర్ కూడా సీటు లోపలే ఉంటుంది కాబట్టి, వాటర్ సర్వీసింగ్ దగ్గర కుర్రాళ్లు ప్రెషర్ పైపు లోపలికి తిప్పితే ఒప్పుకోవద్దు.

ఏ మరకకు ఏ మందు

పసుపు మన కార్లలో రెండు దారుల్లో వస్తుంది, కొత్త బండి పూజలో ఒకటి, చేపల పులుసు క్యారేజీ ఒలికి రెండోది. పొడిగా పడ్డ పసుపు, కుంకుమలను తడిగుడ్డతో ముట్టుకోకండి, వాక్యూమ్‌తో పీల్చేయండి. తడి తగిలిందా, రంగు గరుకులోకి పాకుతుంది. పసుపు మరకకు సబ్బు పెడితే ఎర్రబడుతుంది, అది క్షార గుణానికి పసుపు చూపించే సహజ రంగే. కంగారుపడి ఇంకా రుద్దకుండా మంచినీళ్లతో తుడిస్తే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. మెల్లగా కడిగాక మిగిలే లేత పసుపు చాయను వెలుతురుకు వదిలేయడమే మంచిది. సీటు ఆరాక పొద్దుటి ఎండ తగిలేలా తలుపు తీసి రోజూ గంటసేపు పెడితే కొద్దిరోజుల్లో వెలిసిపోతుంది. పులుసు ఒలికితే స్పూనుతో ఎత్తండి, టిష్యూతో అంచుల నుంచి మధ్యకు అద్దండి, ఆ తర్వాతే క్లీనర్. పైన తేలే నూనె పొర పోయేదాకా రెండు మూడు విడతలు పడుతుంది.

హెడ్‌రెస్టు నల్లబడటానికి కారణం తలనూనె. అది మురికిగా పైన ఉండిపోదు, నెలల తరబడి పూతలోకి దిగి దాన్ని మెత్తబరుస్తుంది. గోరుతో మెల్లగా గీస్తే జిగురుగా లేస్తే పూత పోయినట్టే. అంతదాకా రాకముందే పదిహేను రోజులకోసారి తుడవాలి, లేదా హెడ్‌రెస్టుకు నూలు గుడ్డ తొడగాలి.

బాల్‌పెన్ సిరా పడిన రోజే పట్టుకోవాలి. సెల్‌ఫోన్లు బాగుచేసే షాపుల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ ముంచి, పిండి, గీత మీద దొర్లించండి. రుద్దకూడదు. ఒక్కసారి దొర్లించగానే బడ్ నీలంగా అవుతుంది, వెంటనే కొత్త వైపు తిప్పాలి, లేకపోతే అదే సిరాను పక్కకు పులుముతాం. బడ్ మీద నీలంతోపాటు సీటు రంగు కూడా కనిపించిన క్షణమే ఆపాలి. గోళ్ల రంగు తీసే ద్రవం దగ్గరికే రానివ్వకండి, పూతను కరిగించేస్తుంది. సిరాకు టూత్‌పేస్టు చిట్కా చెప్పేవాళ్లున్నారు. అందులో ఉన్నది సన్నటి రాపిడి పొడి, అది మెరుపును గీకేస్తుంది.

బట్టల రంగు అంటడం అన్నిటికంటే మొండిది. కొత్త జీన్స్, తడిసిన అద్దకం లుంగీలు, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాలవాళ్ల నల్లబట్టలు, ఇవన్నీ లేత రంగు సీటును నీలంగానో బూడిద రంగుగానో మారుస్తాయి. చెమట తడి, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ కలిస్తే ఆ రంగు పూతలోకి ఇంకుతుంది. వారంలోపు అయితే క్లీనర్‌తో చాలావరకు వస్తుంది. నెలలు దాటితే రెండు మూడు కడుగుళ్ల తర్వాత ఆల్కహాల్‌లో సగం నీళ్లు కలిపి అద్ది చూడండి, తగ్గినంత తగ్గించి వదిలేయండి. మిగిలిన చాయకు రంగు వేయడమే గతి. మాలవాళ్లు ఎక్కే రోజుల్లో సీటు మీద ఒక పాత తెల్ల దుప్పటి పరిస్తే ఈ బాధే ఉండదు.

మైపాడు, కొత్తపట్నం బీచి నుంచి తడిబట్టలతో ఎక్కితే ఉప్పు చారలు పడతాయి. ఇంటికి రాగానే మంచినీళ్ల గుడ్డతో రెండుసార్లు తుడిస్తే చాలు, వదిలేస్తే ఉప్పు తోలులో తడిని లాగేస్తుంది.

తెల్లని పొడి కనిపిస్తే

మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపాను పట్టి బండి వారం కదలకపోతే సీటు మీద తెల్లటి మచ్చలు వస్తాయి. అన్నీ బూజు కాదు. హెయిర్ డ్రయ్యర్ వేడి కాసేపు చూపించండి. కరిగి మాయమైతే అది తోలులోని కొవ్వు పైకి తేలడం, గోరువెచ్చని గుడ్డతో తుడిస్తే సరి. మారకుండా ఉండి, నీటి చుక్కకు కరిగితే ఉప్పు. రెండూ కాక, నూగుగా ఉండి ముక్కుకు ముక్కిన వాసన కొడితే బూజు. బూజును లోపల దులపకండి, ఏసీ గాలిలోకి పోతుంది. తలుపులన్నీ తీసి, ఆల్కహాల్, నీళ్లు సమానంగా కలిపి గుడ్డకు పట్టించి ఎత్తి, గుడ్డ మడత మార్చుకుంటూ పోవాలి. తర్వాత ఫ్యాను పెట్టి పూర్తిగా ఆరబెట్టాలి. మ్యాట్ల కింద తడి ఉంటే బూజు మళ్లీ వస్తుంది, ముందు అది చూడండి.

రంగు వేయడం

డ్రైవర్ ఎక్కి దిగే వైపు అంచు అన్నిటికంటే ముందు అరుగుతుంది. దీనికి బూటు పాలిష్, ఆయిల్ పెయింటు రాయడం చూస్తుంటాం. మొదటిది తెల్ల ప్యాంటుకు అంటుతుంది, రెండోది నెలలోపే పెచ్చులూడుతుంది. కావాల్సింది నీళ్లతో కలిసే లెదర్ రంగు, దానిపైన క్లియర్ కోటు, అంటే రంగులేని పై పూత. ఆన్‌లైన్లో దొరకనిది కావాలంటే చెన్నై పెరియమేడులో తోలు రంగులు అమ్మే దుకాణాలున్నాయి, నెల్లూరు నుంచి సుమారు 175 కిలోమీటర్లు. చాయ కలపడానికి ఎండ తగలని ముక్క, అంటే హెడ్‌రెస్టు అడుగు భాగం, చూపించాలి. రంగు తడిగా ఉన్నప్పుడు ఒకలా, ఆరాక ఒకలా ఉంటుంది కనుక కాగితం మీద పూసి, ఆరబెట్టి పోల్చండి. పాత చాయే అయితే ముందు రెండు సీట్లకు 250 మిల్లీలీటర్లు సరిపోతుంది.

కడిగి ఆరిన సీటును ఆల్కహాల్ గుడ్డతో తుడిచి నూనె, డ్యాష్‌బోర్డు పాలిష్ తాలూకు సిలికాన్ తీసేయాలి. సిలికాన్ చుక్క మిగిలినా రంగు అక్కడ నిలవదు, చేపకన్నులా గుంట పడుతుంది. తర్వాత 600 నెంబరు వాటర్ పేపర్‌తో (సన్నటి ఉప్పుకాగితం) లేచిన అంచులు మాత్రమే సమం చేసి, 1000తో ముగించండి. పగుళ్లుంటే లెదర్ ఫిల్లరు పలచగా రెండు మూడు పొరలు, ప్రతి పొరా ఆరాకే మరొకటి. కారు బాడీకి వాడే లప్పం ఇక్కడ పనికిరాదు, తోలు వంగగానే అది విరుగుతుంది.

మొదటి కోటు స్పాంజితో గరుకులోకి అద్దాలి, తర్వాతివి చిన్న స్ప్రే గన్నుతో. మొత్తం మూడు నాలుగు పలచని కోట్లు, మధ్యలో డ్రయ్యరు 20 సెంటీమీటర్ల దూరంలో. ఒకేసారి మందంగా వేస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి, కూర్చోగానే ముడతల్లో చిట్లుతుంది. నడివేసవి మధ్యాహ్నం రంగు గన్ను మూతిలోనే ఎండుతుంది, ముసురు రోజుల్లో ఆరదు. జనవరి నుంచి మార్చి దాకా, ఉదయం పూట, నీడలో పని సాఫీగా సాగుతుంది. చిల్లులున్న చోట స్పాంజి వద్దు, స్ప్రే మాత్రమే. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్న కుట్టు మీద ఫిల్లరు గానీ మందపు రంగు గానీ పెట్టకండి, అది విచ్చుకోవాల్సిన చోటు.

చివరగా క్లియర్ కోటు రెండుసార్లు, మెరుపు లేని రకం. మెరిసే రకం వేస్తే పక్క సీటు ముందు రెక్సిన్‌లా కనబడుతుంది. 24 గంటలు ఎవర్నీ కూర్చోనివ్వకండి, వారం దాకా తడిగుడ్డ పెట్టకండి.

రెక్సిన్ సీటుకు ఈ కష్టమంతా దండగ. తీరప్రాంతపు తేమకు పీయూ (పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్) రెక్సిన్ పొర జిగురై, పొట్టు రాలడం మొదలైతే ఏ పూతా దాన్ని నిలబెట్టదు. ఊడిన ముక్క ఒక్కటే కుట్టు విప్పి మార్పించుకోండి. అయితే విప్పేముందు సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉందేమో కుట్టేవాడికి చెప్పండి, ఉంటే ఆ వైపు కుట్టును కంపెనీ సర్వీసు వాళ్లకే వదిలేయాలి.