గొంతు నొప్పితో పాటు చెవిపోటు వస్తే ఏం చేయాలి?

జలుబు చేసిన రెండో రోజో మూడో రోజో గొంతు మంటకు చెవిపోటు కూడా తోడైతే, చాలా ఇళ్లలో ముందుగా చెవినే అనుమానించి, వెల్లుల్లి రెబ్బలు వేసి కాచిన నూనెను గోరువెచ్చగా అందులో పోస్తారు. ఈ రెండు నొప్పులూ జంటగా వచ్చినప్పుడు వాటి మూలం చాలాసార్లు గొంతులోనో, ముక్కు వెనుక భాగంలోనో ఉంటుంది కనుక, నొప్పి ఎక్కడ పుట్టిందో తెలియకముందే చెవిలో ఏదీ పోయకూడదు.

మధ్యచెవిని ముక్కు వెనుక ఉండే గొంతు పైభాగంతో కలుపుతూ యుస్టేషియన్ నాళం అనే సన్నని గొట్టం ఉంటుంది. పెద్దవారిలో సుమారు 35 మిల్లీమీటర్ల పొడవుండే ఈ నాళం, మనం మింగినప్పుడూ ఆవులించినప్పుడూ తెరుచుకుని కర్ణభేరికి రెండు వైపులా గాలి ఒత్తిడిని సమానం చేస్తుంది. జలుబు వల్ల గానీ అలర్జీ వల్ల గానీ దాని లోపలి పొర వాచి దారి మూసుకుపోతే చెవి దిబ్బడ వేస్తుంది, మధ్యచెవిలో నీరు చేరుతుంది, ఆ నీటిలో బ్యాక్టీరియా పెరిగితే చీము పడుతుంది. పసిపిల్లల్లో ఈ నాళం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది కాబట్టే వారికి చెవిపోటు ఎక్కువగా వస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టి సీసాతో పాలు పట్టవద్దని చెప్పడానికి ఇది కూడా ఒక కారణం.

కొన్నిసార్లు చెవిలో ఏ లోపమూ లేకుండానే అది నొప్పి పెడుతుంది. మెదడు నుంచి నేరుగా వచ్చే తొమ్మిదో, పదో కపాల నాడుల శాఖలు గొంతుకూ చెవికీ కూడా వెళ్తాయి కనుక, టాన్సిల్‌లో పుట్టిన బాధ చెవిలో ఉన్నట్టు అనిపిస్తుంది. టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు చెవులు సలపడం ఇందువల్లనే. పుచ్చిన దవడ పన్ను, సరిగా రాని జ్ఞానదంతం, దవడ కీలు వాపు కూడా ఇలాగే చెవిపోటుగా కనిపించవచ్చు.

మూలాన్ని ఇంట్లోనే కొంతవరకు గుర్తించవచ్చు. చెవి రంధ్రానికి ముందుండే చిన్న మెత్తని ఎముకను నొక్కినప్పుడో, చెవి దొప్పను మెల్లగా లాగినప్పుడో నొప్పి పెరిగితే బయటి చెవి గొట్టంలో ఇన్ఫెక్షన్ ఉండవచ్చు. అలా కాక మింగినప్పుడు మాత్రమే చెవిలోకి పోటు పాకుతుంటే గొంతునే అనుమానించాలి.

జలుబుతో వచ్చిన బాధ సాధారణంగా వారం రోజుల్లో తగ్గుతుంది. అంతవరకు చేయవలసింది ఉపశమనం కలిగించడమే. గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి రోజుకు మూడు నాలుగుసార్లు పుక్కిలించాలి, మంచినీళ్లు, చారు, పలుచని గంజి తరచుగా తాగాలి, చెవిపై పొడి బట్టతో కాపడం పెట్టాలి. తల కింద మరో దిండు వేసుకుంటే ముక్కు దిబ్బడ తగ్గి చెవికీ కొంత హాయిగా ఉంటుంది. ముక్కును గట్టిగా చీదకుండా, ఒక్కో రంధ్రాన్నే మెల్లగా శుభ్రం చేసుకోవాలి. పెద్దవారు పారాసిటమాల్ 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, కనీసం 4 నుంచి 6 గంటల ఎడంతో, రోజుకు 4 గ్రాములు దాటకుండా వేసుకోవచ్చు. జలుబు మాత్రల్లోనూ ఇదే మందు కలిసి ఉండే అవకాశం ఉంది కనుక అట్ట మీద చదివి లెక్కలో చేర్చుకోవాలి. కాలేయ జబ్బు ఉన్నవారు, మద్యం అలవాటున్నవారు ముందుగా డాక్టరును అడగాలి. పిల్లలకు బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదే ఇవ్వాలి. 16 ఏళ్ల లోపు వారికి ఆస్పిరిన్, ఏడాది నిండని బిడ్డకు తేనె ఇవ్వకూడదు. పసుపు పాలు గొంతుకు హాయినిస్తాయి, కానీ అవి వైద్యానికి బదులు కావు. ఇక చెవిలో నూనె సంగతికి వస్తే, కర్ణభేరికి చిల్లు పడి ఉంటే పోసిన నూనె నేరుగా మధ్యచెవిలోకి చేరుతుంది. చెవిలో పెట్టి తిప్పే పిన్నీసు, అగ్గిపుల్ల చేసే హాని అంతకన్నా ఎక్కువ.

జలుబుకు కారణమయ్యే వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు, కాబట్టి మందుల షాపులో అడిగి తెచ్చుకోవడం మంచిది కాదు. అయితే 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో దగ్గు లేకుండా జ్వరం, టాన్సిల్స్ మీద తెల్లని మచ్చలు, మెడ ముందు ముట్టుకుంటే నొప్పెట్టే బిళ్లలు కనిపిస్తే అది స్ట్రెప్టోకోకస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చినది కావచ్చు. దానిని నిర్లక్ష్యం చేస్తే రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతినే ప్రమాదం ఉంది కనుక, డాక్టరు రాసిన మందును, అది సాధారణంగా 10 రోజులు ఉంటుంది, జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకుండా పూర్తిగా వాడాలి.

నోరు తెరవలేకపోవడం, మాట ముద్దగా రావడం, ఉమ్ము మింగలేక చొంగ కారడం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. టాన్సిల్ పక్కన చీముగడ్డ కట్టినప్పుడు ఇలా జరుగుతుంది. చెవి వెనుక ఎర్రగా వాచి చెవి ముందుకు పొడుచుకువచ్చినా, మెడ బిగుసుకుపోయినా ఇదే తొందర అవసరం. చెవి నుంచి చీము కారినా, వినికిడి తగ్గినా, రెండు మూడు రోజుల్లో బాధ తగ్గుముఖమైనా పట్టకపోయినా చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలి.

పొగ, గుట్కా, ఖైనీ, మద్యం అలవాటున్నవారి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. వారికి ఒకే వైపు చెవిపోటు, మింగడంలో ఇబ్బంది, గొంతు బొంగురు మూడు వారాలకు మించి ఉంటే అది గొంతు క్యాన్సర్‌కు తొలి సూచన కావచ్చు. చెవిలో ఏమీ లేదన్నారని ఊరట చెంది తిరిగి రాకుండా, నాలుక మొదలు నుంచి స్వరపేటిక వరకు ఎండోస్కోప్‌తో, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టంతో, చూడమని అడగాలి.