మాటా చట్టమూ, 4వ పాఠం: మనసు నొచ్చుకుంటే కేసవుతుందా?

ఏది నేరమో ఏది కాదో చెప్పమని పోయిన పాఠం చివర ఇచ్చిన వాక్యాలకు రాయగడ, పర్లాకిమిడి, బరంపురం నుంచి వచ్చిన జవాబులన్నీ చదివాను. ‘కొటియా గ్రామాలు ఆంధ్రావే, ఒడిశాకు ఏ హక్కూ లేదు’ అన్నదాని కింద ఎక్కువమంది ‘నేరం, సెక్షన్ 196’ (ఇప్పటి నేరాల చట్టమైన భారతీయ న్యాయసంహితలోది) అని రాశారు. అందుకే పరువునష్టం పాఠాన్ని వచ్చే వారానికి జరిపాను, ముందు ఇది తేలాలి.

రాజ్యాంగం 19(2)లోని కారణాలు, అంటే మాట్లాడే హక్కుకు ప్రభుత్వం హద్దు పెట్టగల కారణాలు, మీకు వచ్చేసినట్టే కదా, మళ్లీ చెప్పను. ‘ఎవరికో బాధ కలిగింది’ అనేది వాటిలో ఎక్కడా లేదు. ఐటీ చట్టంలోని 66ఎ ‘చిరాకు, అసౌకర్యం’ కలిగించినా జైలే అనేది, 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చర్చించడం, ఒక వాదాన్ని గట్టిగా సమర్థించడం ఎదుటివాళ్లకు ఎంత మండినా హక్కే, రెచ్చగొట్టే దాకా వెళ్తేనే అడ్డుకోవచ్చు అంది.

ఇక న్యాయసంహిత 196, పాత శిక్షాస్మృతిలో (ఐపీసీ) 153ఎ. మతం, కులం, భాష, పుట్టిన చోటు లాంటి వాటి పేరుతో జనాల మధ్య శత్రుత్వం పెంచడం నేరం. కొటియా వాక్యం రెండు ప్రభుత్వాల హద్దు తగాదా మీద అభిప్రాయం, అంతే. దాన్నే ‘ఒడియావాళ్లకు ఇల్లు అద్దెకివ్వకండి, కనబడితే తరమండి’ అని మార్చండి, కేసు పడుతుంది. ‘తెలుగోళ్లను బజార్లోంచి వెళ్లగొట్టండి’ అన్నా అదే సెక్షన్. కొల్హాపూర్ కాలేజీ ప్రొఫెసర్ 370 రద్దును తప్పుపడుతూ వాట్సాప్ స్టేటస్ పెడితే కేసు పెట్టారు, 2024లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రతిదానికీ బెదిరిపోయే మనిషిని కాదు, నిబ్బరంగల మామూలు మనిషిని కొలతగా పెట్టుకోవాలంది. నాకు బాగా నచ్చిన తీర్పు ఇది.

అలాగని బాధను చట్టం అసలు లెక్కచెయ్యదని రాయకండి. మతభావాలను కావాలని, ద్వేషబుద్ధితో అవమానిస్తే న్యాయసంహితలోనే 299 ఉంది, అక్కడ ఉద్దేశం రుజువవ్వాలి. ఎస్సీ ఎస్టీ చట్టం (1989) దారి మరీ వేరు: వాళ్లను కించపరచాలనే ఉద్దేశంతో నలుగురికీ కనబడేచోట కులం పేరు పెట్టి తిడితే చాలు, ఎవరినీ రెచ్చగొట్టక్కర్లేదు. ఆదివాసీలు ఇంతమంది ఉన్న మన జిల్లాల్లో సంతలో నోరు జారేవాళ్లు ఇది తప్పకుండా తెలుసుకోవాలి.

అభ్యాసం: మీ ఫోన్ గ్రూపుల్లోంచి కోపంగా ఉన్న మూడు మెసేజ్‌లు తియ్యండి, అందులో ఒకటి మీరు ఫార్వర్డ్ చేసిందే అయ్యుండాలి. ఎవరి మీద, ఏం చెయ్యమంటోంది, ఏ సెక్షన్ అన్నది రాసి, ఒక్కోదానికి ముద్దాయి తరఫు వాదన పేజీ నిండా రాయండి. అసలు మెసేజ్‌లు మాత్రం నాకు పంపకండి.